బత్తాయి తొక్కలు, అవ్వ బోరు, ఏడో నంబరు సీసా

ఆ ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు మా ఇంటి అరుగు దగ్గర ఉన్నవి, ఉన్నవాళ్లు: కూలరు వచ్చిన పెద్ద అట్టడబ్బా ఒకటి, లోపలంతా నల్ల బట్ట అంటించి, చూడటానికి ఒక కన్నం పెట్టింది. దొంగ నోట్లు పట్టే నీలి దీపం ఒకటి, మందుల షాపులో రెండు రోజులకని అడిగి తెచ్చింది. నంబర్లు అంటించిన నీళ్ల సీసాలు పన్నెండు. పలచని చాయలా కనిపించే గోధుమరంగు నీళ్ల చిన్న సీసా ఒకటి. మా అవ్వ. ఏడో నెల నిండిన మా అక్క. చేతిలో చేటతో అమ్మ. ఎదురింటి పెద్దమ్మ. ఆమె వెనక వాడకట్టు వాళ్లు పద్నాలుగు మంది. కట్టేసిన బర్రె ఒకటి. లోపలి అర్రలో తిరుగుతున్న ఫ్యాను ఒకటి. బర్రెను, ఫ్యానును ఊరికే లెక్కలో వేయలేదు. రెండింటితోనూ పని పడింది.

మాది మర్రిగూడ దిక్కు ఊరు. నీళ్లలో ఫ్లోరైడు ఉందని మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎంత ఉందో, ఎవరి బోరులో ఉందో అడిగితే మాత్రం ప్రతి ఇంటివాళ్లూ పక్కింటి వైపు చూపిస్తారు. నేను అప్పుడు నల్గొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడు. అక్క తొలి కాన్పుకు ఇంటికి వచ్చి పదిహేను రోజులైంది. ఇంటింటికి నల్లా వచ్చి అప్పటికి మూడేండ్లు. ఆ మూడేండ్లలో మా వంటింటి గడప దాటిన నల్లా నీళ్ల బిందెలు సున్నా.

కారణం అవ్వ. వంటిల్లు అవ్వది. నల్లా నీళ్లు బర్రెకు, వాకిలి చల్లడానికి, నా బండి కడగడానికి. తాగడానికి, వండడానికి ఆమె బోరు.

ఆ బోరుకు ఒక చరిత్ర ఉంది. అప్పట్లో నీళ్లు చూసే ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగి ఒక జాగా చూపించాడట. అవ్వ ఒప్పుకోలేదు. మా బర్రె (ఇప్పటి బర్రెకు తల్లికి తల్లి) ఎండాకాలంలో రోజూ పోయి పండుకునే జాగా ఇంటి వెనక ఒకటుండేది. చల్లదనం లేనిదే బర్రె పండుకోదు, నీళ్లు లేనిదే చల్లదనం ఉండదు, కాబట్టి అక్కడే వేయాలని పట్టుబట్టింది. వేశారు. నీళ్లు పడ్డాయి. కరువు ఏడాది వాడకట్టులో తక్కిన బోర్లన్నీ ఎండిపోయినా అది ఎండలేదు. అవ్వ మంచం వేసుకుని కూర్చుని వరుసగా ఇంటికి రెండు బిందెల చొప్పున పోయించింది. అప్పటినుంచి ఆ బోరును ఎవరైనా ఒక మాటంటే తనను అన్నట్టే.

"కుక్కర్ల పప్పు రెండు కూతలకు ఉడుకుతది మా నీళ్లల్ల," అనేది. "నల్లా నీళ్లల్ల ఏసి సూడు, నాలుగు కూతలైనా పలుకు పలుకే. దవాఖాన వాసన ఒకటి."

"అవ్వా, అది శుద్ధి చేసే మందు వాసన," అనేవాణ్ని.

"మందేసిండ్రంటే రోగమున్నట్టే గదరా."

 

అక్క మాత్రం నల్లా నీళ్లే తాగాలనుకుంది. అక్క ముందు పండ్ల మీద ఫ్లోరైడు తెచ్చిన గోధుమరంగు చారలుంటాయి. ఫోటోల్లో పెదవులు మూసుకునే నవ్వుతుంది, పెళ్లి ఫోటోల్లో కూడా. మూడు వందల పైచిలుకు ఫోటోల ఆల్బంలో పండ్లు కనిపించేది ఒక్కదాంట్లో, అదీ తుమ్ముతున్నప్పుడు తీసింది. వచ్చిన మూడో రోజు నన్ను పక్కకు పిలిచి చెప్పింది: "తమ్మీ, నావైతే అయినయి. పుట్టేటిదానికి గిట్ల గావొద్దు. అవ్వను నేను అడగలేను, ఏడుస్తది. నువ్వేమన్న జెయ్యి."

"నేనడిగితే ఏడ్వదా?"

"నిన్ను తిడతది. తిట్లు నీకు అలవాటే గద."

ఆ పని అలా నా మీద పడింది. నా చేతిలో అప్పటికి ఉన్నది ఒకటే, నా ప్రాజెక్టు.

ప్రాజెక్టు ఏమిటో నాలుగు మాటల్లో. బత్తాయి తొక్కలను ఎండబెట్టి, పొడి చేసి, నీళ్లలో కలిపి, గట్టి మూత బిగించిన ఉక్కు డబ్బాలో పెట్టి, నూట ఎనభై డిగ్రీల వేడిలో ఎనిమిది గంటలు ఉంచాలి. చల్లారాక వడగడితే చాయరంగు నీళ్లు వస్తాయి. అందులో కంటికి ఆనని బొగ్గు నలుసులుంటాయి. వెంట్రుక మందంలో వేల నలుసులు పక్కపక్కన పడతాయి, అంత చిన్నవి. మామూలు వెలుతురులో వాటిని చూసి ఎవరూ ఆగరు. చీకట్లో నీలి దీపం కింద పెడితే మాత్రం బట్టలకు పెట్టే నీలిమందు వెలిగించినట్టు మెరుస్తాయి. అందులో రెండు చుక్కలు ఇనుప లవణం వేస్తే వెలుగు ఆరిపోతుంది. ఆరిన దాంట్లో ఫ్లోరైడు ఉన్న నీళ్లు పోస్తే, ఫ్లోరైడు ఆ ఇనుమును లాక్కుంటుంది, వెలుగు మళ్లీ వస్తుంది. ఫ్లోరైడు ఎంత ఎక్కువుంటే అంత వెలుగు. అంటే ఎక్కువ మెరిసిన నీళ్లే ఎక్కువ చెడ్డవి. ఈ కథలో గుర్తుంచుకోవలసింది ఇదొక్కటే. మా ఊరు గుర్తుంచుకోనిదీ ఇదే.

తొక్కలు నల్గొండ బస్టాండు దగ్గర జ్యూసు బండి నుంచి వచ్చేవి. బండాయన మొదటి రోజు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"అందరు రసమడుగుతరు. నువ్వు తొక్కలడుగుతున్నవ్. మేకలెన్నున్నయి సారూ?"

"మేకలు లేవన్నా. చదువుకు."

"గిదేం సదువు? తొక్కల సదువా?"

"అట్లనే అనుకో."

"తీస్కపో. జర మా పోరనికి జెప్పకు గీ సదువు సంగతి. వాడు గిట్లాంటియే ఎతుకుతున్నడు."

మా గైడు సారు ఒక షరతు పెట్టారు. ఊళ్లో అట్టడబ్బాలో కంటితో చూసింది సరదాకు మాత్రమే. ప్రతి సీసా ల్యాబుకు తెచ్చి మీటరు మీద కొలిచాకే నంబరు రాయాలి, అంతవరకు ఎవరికీ ఫలితం చెప్పొద్దు. ఈ షరతును నేను ఆ ఆదివారం దాకా అక్షరాలా పాటించాను. అంత కచ్చితంగా పాటించడానికి ఇంకో కారణం కూడా ఉంది.

అంతకుముందు ఆదివారం నేను రెండే సీసాలు తెచ్చి అక్కకు చూపించాను. ఒకటి నల్లా నీళ్లు, ఇంకొకటి ఊరి చివర ఎర్ర బోరింగు నీళ్లు. ఆ బోరింగుకు ఎప్పుడో అధికారులు జీపులో వచ్చి ఎర్ర రంగు వేసి పోయారు, తాగొద్దని గుర్తు. రంగు సగం ఊడిపోయింది. ఎదురింటి పెద్దమ్మ అప్పుడే పెరుగు తోడుకు వచ్చి, డబ్బా కన్నంలో కన్ను పెట్టింది. ఒక సీసా చీకటి, ఒక సీసా మెరుపు.

"ఆ మెరిసేటివి యాడియి పిలగా?"

"ఎర్ర బోరింగువి పెద్దమ్మా."

"నేను మొదలుకెల్లి అంటనే ఉన్న. కొబ్బరి నీళ్ల లెక్కుంటయి అవి. సర్కారోళ్లు ఊకెనే రంగేసి పోయిండ్రు."

నేను నోరు తెరిచాను. సారు షరతు గుర్తుకొచ్చి మూశాను. పెద్దమ్మ తోడు మరచిపోయి వెళ్లిపోయింది. సాయంత్రానికి వాడకట్టంతా తేల్చేసింది: వెలిగిన నీళ్లే నీళ్లు, చదువుకున్న పిలగాడు డబ్బాలో దీపం పెట్టి చూపిస్తున్నాడు. అంతకుముందు రెండు వారాలు ఇల్లిల్లూ తిరిగినా ఇద్దరే సీసా ఇచ్చారు. మరునాడు ఎనిమిది మంది వాళ్లే వచ్చి అడిగారు. ఇప్పుడు నిజం చెప్తే ఆ ఎనిమిది పోతాయి. చెప్పలేదు. ఇది సారుకు నేను ఇచ్చిన నివేదికలో లేదు.

ఆ ఎనిమిది మందిలో అవ్వ కూడా ఉంది. "మన బోరు నీళ్లు గూడ పెడుతున్నవా?"

"పెడుతున్న. ఏడో నంబరు."

"సీస నాకియ్యి. నేనే నింపుత. నువ్వు నింపితె మట్టి తగుల్తది."

ఇచ్చాను. నా తప్పు ఏదంటే అదే. నమూనా తీసే మనిషే ఆ ఫలితం కోరుకునే మనిషి కాకూడదని మొదటి ఏడాదిలోనే చెప్తారు.

ఇప్పుడు ఆ ఆదివారం అరుగు దగ్గరికి వద్దాం. ఒకటో నంబరు నల్లా నీళ్లు. ఇనుప లవణం ముందే కలిపి ఉంచిన చిన్న సీసాలోంచి చుక్కలు వేసి డబ్బాలో పెట్టాను. వరుసగా వచ్చి చూశారు. చీకటి.

"సచ్చిన దీపం," అంది అవ్వ. "నేను జెప్పలే?"

రెండు, మూడు, నాలుగు కొంచెం కొంచెంగా మెరిశాయి. ఆ ఇళ్లవాళ్ల ముఖాలు కూడా అంతే మెరిశాయి. ఐదో నంబరు ఎదురింటి పెద్దమ్మది. కన్నంలోంచి చూసి తల తీసింది.

"గింతేనా? ఇంకొన్ని సుక్కలెయ్యి పిలగా."

"అందరికి సమానమే పెద్దమ్మా."

"నీళ్లు తక్కువ పోసినవేమో."

"పోనియ్ కోడలా," అంది అవ్వ మంచం మీదినుంచి. "బాధ పడకు. ఎవల అదృష్టం వాళ్లది. కావాలంటె మా బోరు కాడ పట్టుకపో, రోజుకొక బిందె."

ఏడో సీసా పైకెత్తాను. ఎత్తగానే అడుగున తుప్పు నలకలు కనిపించాయి, ఎర్రగా, చిన్న చిన్న పొలుసులు. మా బోరుకు ఉన్నది ప్లాస్టిక్ పైపు. తుప్పు పట్టడానికి అందులో ఇనుము లేదు. పన్నెండో నంబరు ఎర్ర బోరింగు సీసా తీసి చూశాను. అవే నలకలు. ఆ బోరింగుది ఇనుప పైపు, మా నాన్న పెళ్లికి ముందు దించింది.

అవ్వ వైపు చూశాను. అవ్వ బర్రె వైపు చూసింది. బర్రె ఎవరి వైపూ చూడలేదు.

ఆ ముసలి మోకాళ్లతో, తెల్లవారకముందే, అర కిలోమీటరు నడిచి, బోరింగు కొట్టి నింపుకొచ్చిందన్న మాట.

చుక్కలు వేసి పెట్టాను. డబ్బా లోపల ఏడో సీసా, దీపావళి నాడు కొట్టు ముందు పెట్టిన బల్బులా వెలిగింది. ఒక్కొక్కరూ చూసి పక్కకు జరిగారు. ఎదురింటి పెద్దమ్మ రెండుసార్లు చూసింది.

"అత్తా, ఒప్పుకున్న. నీ బోరే బోరు."

"బర్రె జూపిచ్చిన జాగా," అంది అవ్వ వినయంగా. "నాదేముంది."

మిగిలినవీ చూపించాను. పన్నెండో సీసా కూడా అంతే వెలిగింది. అప్పుడు ఏం చేయాలో తేల్చుకోవడానికి నాకు అర నిమిషం పట్టింది. సారు షరతు ఒకటి. అక్క పండ్లు ఒకటి. అక్క నా వైపే చూస్తోంది, పెదవులు మూసుకుని. షరతు పక్కన పెట్టాను.

"ఒక్క మాట చెప్పాలె," అన్నాను. "వెలుగు వచ్చేది ఫ్లోరైడుకు. వెలగని నీళ్లే మంచియి. వెలిగినకొద్ది చెడ్డయి. మస్తు వెలిగినయి అస్సలు తాగొద్దు."

 ఎదురింటి పెద్దమ్మ నవ్వు మొదలైంది. అది ఆగడానికి చాలాసేపు పట్టింది.

"అత్తా, రోజుకొక బిందె ఇస్తనన్నవ్ గద. వద్దు తియ్."

"నీది గూడ వెలిగింది పెద్దమ్మా," అన్నాను. "నల్లా తప్ప అన్ని వెలిగినయి."

"నాది జరంతే గద."

 అవ్వ ముందు రెండు దార్లు ఉన్నాయి. ఒకటి, ఆ నీళ్లు నా బోరువి కావు, ఎర్ర బోరింగువి, పొద్దున నేనే దొంగతనంగా తెచ్చాను అని పద్నాలుగు మంది ముందు ఒప్పుకోవడం. రెండు, తన బోరు ఊళ్లోకెల్లా చెడ్డ బోరని ఒప్పుకోవడం. ఆమె మూడోది వెతుకుతోందని ముఖం చూస్తే తెలుస్తోంది.

"ఆ సీస ఖరాబుంది గావొచ్చు," అంది.

"అయితే ఇంకొక సీస నేనే నింపుకొస్త అవ్వా. బోరు ఇంటెనకనే గద. అందరి ముందు మల్ల సూద్దం."

"వద్దు. కరెంటు లేదు, మోటరు నడువది."

అందరం లోపలి అర్రలోకి చూశాం. ఫ్యాను తిరుగుతోంది.

"అది పాత కరెంటు," అంది అవ్వ.

అక్క మొహం ఏ మాత్రం కదలకుండా అంది: "అవ్వా, మరి ఇన్నొద్దులు నాకు తాపిచ్చినయి గియ్యేనా?"

అవ్వ లేచి లోపలికి పోయింది. అమ్మ చేట పక్కన పెట్టి, "మీ అక్కాతమ్ముళ్లు ఇద్దరు కలిసి ముసలిదాన్ని ఏడిపిస్తరా," అని నన్ను ఒక్కణ్నే తిట్టింది.

నోటుబుక్కులో ఏడో వరుసకు ఎదురుగా 'చెల్లదు' అని రాసుకున్నాను. తప్పుడు సీసాతో నిజం చెప్పాను. మా బోరు నిజంగా ఎంతో నాకు తెలియదు. ఒకవేళ మంచిదే అయి ఉంటే నేను చేసింది ఏమిటన్న లెక్క అన్నం తింటున్నంతసేపూ తేలలేదు.

మధ్యాహ్నం మూడింటికి అవ్వ వచ్చింది. కొంగు చాటున ఒక చెంబు. పక్కన పెట్టింది.

"గివి గూడ సూడు."

"ఎక్కడియి?"

"ఎవలియని అడగకు. సూడు."

చెంబులోకి చూశాను. నలకలు లేవు, తేటగా ఉన్నాయి. చుక్కలు వేశాను. పోల్చి చూడటానికి ల్యాబులో చేసి తెచ్చుకున్న కొలత సీసాలు పక్కన పెట్టాను: సున్నా, ఒకటి, రెండు, నాలుగు, ఆరు. అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల లెక్క. డబ్బాలో రెండో కొలతకు, నాలుగో కొలతకు నడుమ వెలిగింది. అవ్వను కూడా చూడమన్నాను. ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది.

"ఎంత?"

"మూడు, కొంచెం అటిటు."

"ఎంత దాటొద్దు?"

"ఒకటిన్నర."

అవ్వ తల తీసింది. "ఎర్ర బోరింగు అంత లేవు గద?"

"ఎర్ర బోరింగు సంగతి ఇప్పుడెందుకొచ్చింది అవ్వా?"

"ఊకెనే అడిగిన."

"సగమే ఉన్నది."

ఆ సగం మాటతో ఆమె భుజాలు కొంచెం దిగాయి. తర్వాత ఇంకో మాట అడిగింది. "మరి పప్పు ఎందుకు గంత జల్ది ఉడుకుతది? చెడ్డ నీళ్లల్ల ఉడుకుతదా?"

అదీ చెప్పాను. సున్నం తక్కువున్న నీళ్లలో పప్పు త్వరగా ఉడుకుతుంది. రాతిలోంచి ఫ్లోరైడు ఎక్కువగా దిగేది కూడా సున్నం తక్కువున్న నీళ్లలోకే. రెండూ ఒక బోరులోనే కలిసి వస్తాయి. ఆమె ఇన్నేండ్లు మెచ్చుకున్న గుణమూ, మేము భయపడ్డ గుణమూ ఒకే నీళ్లవి. ఫ్లోరైడు కీళ్లనూ పడుతుంది, అందుకే చెప్పేటప్పుడు అవ్వ మోకాళ్ల వైపు చూడకుండా చెప్పాను.

అవ్వ చెంబులో నీళ్లు వాకిట్లో పారబోసింది. "బర్రెకేం దెల్సు," అంది. "అది సల్లదనం జూసింది గని గివన్ని జూసిందా."

చెంబు అరుగు మీద బోర్లించి అడిగింది: "నల్లా ఎన్ని గంటలకు వస్తది?"

"ఆరింటికి."

"ఆ మందు వాసన పోదా?"

"బిందె మూత తీసి ఉంచితే పోతది."

"సరే. ఒక మాట. నా బోరు నంబరు ఎదురింటిదానికి జెప్పకు. ఆమెది ఎంత?"

"రెండున్నర అవ్వా."

"అరనే గద ఎక్కువ," అంది అవ్వ. "అయినా జెప్పకు."

చెప్పలేదు. వారం తర్వాత ల్యాబులో మీటరు మీద కొలిచాను. ఎదురింటి బోరు 2.6. అవ్వ మళ్లీ చేతికిచ్చిన సీసా, ఈసారి నా కళ్లముందే నింపింది, 3.3. సారు నా పట్టిక చూసి ఏడో వరుసలో 'చెల్లదు' అని కొట్టేసి మళ్లీ ఎందుకు రాశావని అడిగారు. నమూనా సేకరణలో లోపం అన్నాను. ఎలాంటి లోపం అన్నారు. అవ్వ అన్నాను. ఆయనకూ ఊళ్లో ఒక తల్లి ఉందట. ఇంకేమీ అడగలేదు.

మరుసటి ఆదివారం ఇంటికి పోయేసరికి ఎదురింటి పెద్దమ్మతో అవ్వ చెప్తోంది, నల్లా నీళ్లు బిందెలో పోసి మూత తీసి పెడితే వాసన పోతుందని తాను కనిపెట్టానని. పప్పు ముందురోజే నానబెడితే రెండు కూతలకే ఉడుకుతుందని కూడా తానే కనిపెట్టిందట. అక్క గడప మీద కూర్చుని గ్లాసుతో నీళ్లు తాగుతోంది. నన్ను చూసి నవ్వింది, పండ్లు కనిపించేలా. నేను చెప్పులు విడిచి వంటింట్లోకి పోయి లెక్కపెట్టాను.

నల్లా నీళ్ల బిందెలు నాలుగు. బోరు నీళ్ల బిందెలు సున్నా.